మా వూళ్ళో హోటలు కడతారట, మీరేమంటారు?

తెలుగు మాస్టరు వల్ల వూరికి రెండు ఉపయోగాలున్నాయి. ఒకటి, పిల్లలకు పాఠం చెప్పడం. రెండోది, పుట్టిన పిల్లలకూ, కట్టిన ఇళ్ళకూ, తెరిచిన దుకాణాలకూ పేర్లు పెట్టడం. మొదటిదానికి కాలేజీవారు జీతమిస్తారు. రెండోదానికి మహా అయితే ఒక కాఫీ దక్కుతుంది.

ఆ కాఫీ ఇప్పించడానికే పోయిన వేసవిలో మా మేనల్లుడు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చాడు. వాడు ఇంజనీరు. ఇన్నాళ్ళూ బియ్యం మిల్లులకు షెడ్లూ, పెళ్ళయిన కొడుకుల కోసం తండ్రులు లేపే మేడగదులూ గీస్తూ వచ్చాడు. ఇప్పుడు మా వూరి నడిబొడ్డున ఒక ఆసామి హోటలు కట్టదలచి, దాని బొమ్మ గీసే పని వాడి చేతిలో పెట్టాడట. వాడికి ఇదే మొదటి పెద్ద పని. రాత్రుళ్ళు నిద్ర లేదని వాడి కళ్ళు చూస్తేనే తెలుస్తోంది.

"మావయ్యా, హోటలుకు మంచి తెలుగు పేరొకటి చెప్పు. పలకడానికి తేలిగ్గా వుండాలి. వినగానే గొప్పగానూ వుండాలి" అన్నాడు.

"బిడ్డను చూడకుండా బారసాల ఎలా చేస్తాంరా? ముందు బొమ్మ చూపించు" అన్నాను.

సెల్‌ఫోనులో చూపించాడు. ఆరంతస్తుల మేడ. కిందినుంచి పైదాకా నీలపు అద్దాలు. ముందు వరసగా ఖర్జూరపు చెట్లు. గుమ్మం దగ్గర పొడుగాటి కారు. కోట్లు తొడుక్కున్న మనుషులు ఆరుగురు చేతిలో పెట్టెలతో నవ్వుతూ నడుస్తున్నారు.

"ఇది మన వూరేనా?"

"మన వూరే మావయ్యా. ఆ పాత పెంకుటిల్లు పడగొట్టిన ఖాళీ స్థలం లేదూ, అదే."

"అక్కడ వేపచెట్టుండాలి. దాని కింద ఇడ్లీలమ్మే అమ్మ వుండాలి. ఎదురుగా దర్జీ కొట్టుండాలి. వీళ్ళెవర్రా ఆరుగురూ?"

"వాళ్ళు బొమ్మతోపాటే వస్తారు మావయ్యా. కంప్యూటరులో వుంటారు" అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

నాకు నవ్వు వచ్చింది గాని, మరుక్షణమే ఒక ఆలోచనా వచ్చింది. హోటల్లో దిగినవాడు ఒక రాత్రో రెండు రాత్రులో వుంటాడు. గదిలో వున్నవాడికి హోటలు కనబడదు, వీధి కనబడుతుంది. ఆ హోటలును పొద్దున లేచిన దగ్గరనుంచీ చూడవలసినవాడు ఎదుటి కొట్లో కూర్చున్న దర్జీ. కట్టేవాడికి ఒక రోజు ముచ్చట, చూసేవాడికి ఒక జీవితకాలం. మరి అతణ్ణి ఎవరూ అడగలేదే!

"పేరు సంగతి తరవాత చూద్దాం. ఆ బొమ్మ ఒక కాగితం మీద అచ్చు వేయించి ఇవ్వు. వారం రోజులు నా దగ్గర వుంచుకుంటాను" అన్నాను.

వూరు పెట్టే పేర్లు

అడగకపోతే ఏమవుతుందో వాడికి ఒక కథ చెప్పాను. కథ కాదు, జరిగినదే.

స్కాట్లండు దేశానికి ఎడింబరో రాజధాని. రాతి మేడలతో, కోటతో వెలిగే ఆ పాత నగరాన్నీ, దాని పక్కనే వున్న కొత్త నగరాన్నీ 1995లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ నడివూళ్ళో 1970ల నాటి కాంక్రీటు బజారు ఒకటి వుండేది. చూడలేక చస్తున్నామని జనం ఏళ్ళ తరబడి తిట్టుకునేవారు. 2016లో దాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. ఆ స్థలంలో కొత్త బజారూ, అందులో ఒక పెద్ద హోటలూ లేచాయి. బజారు 2021లో తెరిచారు, హోటలు 2023లో. ఈ హోటలుకు చుట్టూ కంచురంగు ఉక్కు రేకులు రిబ్బను చుట్టినట్టు మెలికలు తిరుగుతూ పైకి పోయి, కొసన తోకలా ముగుస్తాయి. ఉత్సవాల నగరానికి తగ్గట్టు రిబ్బను చుట్టలా మలిచామని గీసినవారు చెప్పారు. బొమ్మ చూస్తే మనకు జిలేబీ గుర్తుకొస్తుంది. ఆ వూరివారికి జిలేబీ తెలియదు కాబోలు, వేరే పేరు పెట్టారు. కుటుంబంలో పిల్లలూ పెద్దలూ చదివే పత్రిక గనక ఆ పేరు వ్రాయను. బంగారు పూత పూసిన ఒకానొక పదార్థం అని మాత్రం చెప్పి వూరుకుంటాను. తలుపు మీద ఏ పేరున్నా జనం నోట ఇప్పటికీ అదే.

"అలా అనుకుంటే ఈఫిల్ టవరును కూడా తిట్టారు మావయ్యా. 1887లో పారిస్‌లోని పెద్ద పెద్ద రచయితలూ చిత్రకారులూ వద్దని పత్రికకు ఎక్కారు. ఇవాళ ఆ టవరు లేకుండా పారిస్ వుందా?" అన్నాడు మా మేనల్లుడు. చదువుకున్నవాడు గదా, వూరికే వదలడు.

"నిజమే. తిట్లన్నీ నిలవవు. పేర్లు మాత్రం నిలుస్తాయి. లండనులో ఫోస్టరు గారి సంస్థ కట్టి 2004లో తెరిచిన మేడను జనం దోసకాయ అన్నారు. అది ప్రేమతో పెట్టిన పేరు. వూరివాళ్ళు ఇచ్చే తీర్పు ఆ పేరే. నేను పెట్టే పేరు బోర్డు మీద వుంటుంది. వూరు పెట్టే పేరు ఆటోవాడి నోట్లో వుంటుంది. ప్రయాణీకుణ్ణి హోటలుకు చేర్చేది రెండోదే" అన్నాను.

అంత దూరం పోవడమెందుకు? మన రాజధాని సంగతే చూడండి. అమరావతి ప్రభుత్వ భవనాలకు 2016 మార్చిలో జపాను దేశపు మాకీ సంస్థ ఆలోచనను ఎంపిక చేశారు. బొమ్మలు పత్రికల్లో పడ్డాయో లేదో, ఇవి శాసనసభలా లేవు, విద్యుత్కేంద్రం పొగగొట్టాల్లా వున్నాయని విమర్శలు వెల్లువెత్తాయి. చివరికి ఆ బొమ్మను పక్కన పెట్టి, 2017లో పైన చెప్పిన ఫోస్టరు సంస్థకు పని అప్పజెప్పారు. ఆ యేడు డిసెంబరులో శాసనసభకు రెండు నమూనాలు జనం ముందు పెట్టి, మీకేది నచ్చిందని అడిగారు. ఆకాశానికి సూదిమొనలా లేచే శిఖరం వున్నదాన్నే ఖాయం చేశారు. అడిగినంత మాత్రాన ఇల్లు లేవదనుకోండి. ఆ తరవాత ఏళ్ళ తరబడి పని ఆగిపోయింది. మరోపక్క విశాఖలో రుషికొండ మీద పాత పర్యాటక విడిదిని 2021లో తీసివేసి కొత్త మేడలు కట్టారు. అక్కడ గొడవంతా ముందు కొండ తొలచడం గురించే. అది కోర్టులదాకా వెళ్ళింది. మేడ లోపల ఎలా వుంటుందో చాలామంది 2024లో గాని చూడలేదు. కట్టక ముందు అడిగితే ఒక తంటా, అడగకపోతే పది తంటాలు.

నా ముచ్చట, మా ఇంట్లో తీర్పు

ఇతరులను అడిగేముందు నా అభిప్రాయం నేను చెప్పుకోవాలి గదా! నాకు ఆ అద్దాలు బొత్తిగా నచ్చలేదు. ముందు రెండు రాతిస్తంభాలూ, పైన ఒక కలశమూ, గోడమీద పూర్ణకుంభమూ వుండాలన్నాను. మన గోదావరి జిల్లాల మండువా లోగిలిలా మధ్య ఖాళీ, చుట్టూ గదులూ, వీధివైపు పెంకుల చూరూ వుంటే తెలుగుదనం వుట్టిపడుతుందన్నాను.

"కల్యాణ మంటపం అవుతుంది మావయ్యా" అన్నాడు వాడు మెల్లగా.

లోపలినుంచి మా ఆవిడ కాఫీలు తెచ్చి, బొమ్మకేసి ఒకసారి చూసి, "ఏవండీ, కలశం సంగతి దేవుడెరుగు. గదిలో కిటికీ తెరుచుకుంటుందా?" అని అడిగింది.

తెరుచుకోదు, అంతా ఏ.సి. అన్నాడు మేనల్లుడు.

"తడిబట్ట ఎక్కడ ఆరేసుకోవాలి? తీర్థానికి వెళ్ళినప్పుడల్లా ఇదే గొడవ. స్నానాల గదిలో కొక్కెం ఒక్కటి వుంటుంది. దానికి నలుగురి బట్టలు. మీ అమ్మగారు మోకాళ్ళ నొప్పులతో ఆ నునుపురాయి మీద కాలు పెట్టగలరా? పైగా గుమ్మంలోకి వెళ్ళగానే బల్ల. ఆడవాళ్ళమూ పిల్లలమూ పెట్టెలు పట్టుకుని నడిబజారులో నుంచున్నట్టు అందరికీ కనబడుతూ వుంటే, మీరు పేర్లు వ్రాయిస్తూ వుంటారు. కాస్త పక్కగా కూర్చునే చోటు వుండాలా వద్దా?"

మేనల్లుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి వ్రాసుకున్నాడు. నేను కలశం గురించి చెప్పినప్పుడు వాడు పుస్తకం తీయలేదని అప్పుడు గమనించాను.

వీధి ఏమన్నది

మర్నాడు పొద్దున్నే బొమ్మ చంకన పెట్టుకుని బయలుదేరాను. మొదట వేపచెట్టు కింద ఇడ్లీలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ పొయ్యి అక్కడే.

"హోటలా బాబూ? ప్లేటు ఇడ్లీ ఎంతకిస్తారట?" అని అడిగింది ముందుగా.

ఆవిడ భయంలో ఒక భాషా విశేషం వుంది. మన వైపు హోటలుకు వెళదామంటే టిఫిను చేద్దామని అర్థం. పడుకునే చోటును లాడ్జి అంటాం. అంతకు ముందు సత్రం, పూటకూళ్ళ ఇల్లు. క్రీడాభిరామంలో మంచనశర్మా, టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధులు తిరిగి పూటకూటింట్లో ఒక రూకకు భోజనం చేస్తారు. మనకు గుర్తున్నది ఆ భోజనమే. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ గుర్తున్నంతగా ఆవిడ ఇల్లు గుర్తుందా? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) ఏ వేళప్పుడు వచ్చినవారికైనా అన్నం పెట్టింది. ఇప్పటికీ ఆ పేరు చెబితే చేతులు జోడిస్తారు. ఆ ఇంటికి ఎన్ని స్తంభాలని ఎవరూ అడగరు. మన దేశంలో అతిథి ఇంటికి ముఖం గుమ్మం కాదు, వంటిల్లు.

పడుకునే హోటలని నచ్చజెప్పాక ఆవిడ బొమ్మను చాలాసేపు చూసింది. "ఈ చెట్లేమిటి బాబూ, నీడ పడవు?" అన్నది. తరవాత నెమ్మదిగా, "మా చెట్టు కనబడదేం?" అన్నది. నేను సమాధానం చెప్పలేక డబ్బులిచ్చి లేచాను.

ఎదుటి దర్జీ బొమ్మ చూసి నవ్వాడు. "మాస్టారూ, నా కొట్టు తూర్పు ముఖం. ఈ అద్దాల గోడ పడమటి ముఖం. సాయంత్రం ఎండ దాని మీద పడి తిన్నగా నా మిషను మీదికి వస్తుంది. రోహిణీ కార్తెలో ఒక సూర్యుడితోనే వేగలేకపోతున్నామండి. ఇంకో సూర్యుణ్ణి తెస్తారా?" అన్నాడు.

ఇది హాస్యం కాదు. అమెరికాలో లాస్ వేగస్ అనే వూళ్ళో వ్డారా అనే హోటలు 2009లో తెరిచారు. దాని అద్దాల గోడ చంద్రవంకలా వంగి వుంటుంది. ఆ వంపులో పడ్డ ఎండంతా ఒకచోటికి చేరి, ఈతకొలను దగ్గర పడుకున్నవారిని కాల్చిందని 2010లో పత్రికల్లో వచ్చింది. దాన్ని గీసిన రఫాయెల్ వినోలీ గారే లండనులో మరో అద్దాల మేడ గీశారు. అదీ లోపలికి వంగినదే. 2013లో దాని ఎండకు కింద వీధిలో నిలిపిన కారు రేకులు మెత్తబడ్డాయి. ఆ తరవాత గోడకు ఎండ ఆపే రెక్కలు బిగించారు. మా మేనల్లుడి గోడ చదునుగా వుంటుంది గనక కారు కరగకపోవచ్చు. దర్జీ మాత్రం తప్పక కరుగుతాడు.

ఆ సందు చివర ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన బొమ్మ తిరగేసి, వెనకవైపు ఏమీ లేదని చూసి, "ఇది సగం బొమ్మండీ. పునాది ఏది?" అన్నాడు.

"పునాది బొమ్మలో కనబడదుగా!"

"మరి అదేనండి అసలు సంగతి. ఇది రేగడి నేల. వానాకాలం పొంగుద్ది, వేసంకాలం బీటలిస్తది. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. పై అందం ఎంతయినా చెయ్యండి, కింద కాలు నిలవాల గదండీ. కిటికీలకు సజ్జాలు లేవేంటి? గాలివానొస్తే ఆ నీరంతా ఎక్కడికి పోద్ది?"

మేస్త్రి మాటకు సాక్ష్యం జపానులో వుంది. టోకియోలో ఇంపీరియల్ హోటలును ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే అమెరికా దేశపు మహాశిల్పి గీశాడు. ఆ దేశంలో దొరికే ఓయా రాతినే వాడాడు. బురద నేల మీద తేలేటట్టు పునాది వేశాడు. 1923 సెప్టెంబరు 1న ప్రారంభోత్సవం పెట్టుకుంటే, సరిగ్గా ఆనాడే మహాభూకంపం వచ్చింది. హోటలు నిలిచింది. ముందున్న కొలను నీళ్ళు మంటలను అదుపు చేయడానికి పనికొచ్చాయని చెబుతారు. రైటు కీర్తి ప్రపంచమంతా పాకింది. కాని ఆ మెత్తని నేలలో కట్టడం ఏళ్ళ తరబడి కుంగుతూనే వచ్చింది. స్థలం విలువా పెరిగింది. 1968లో పడగొట్టారు. ముఖద్వారపు భాగాన్ని మాత్రం నగోయా దాపున మెయిజీ మురా అనే ప్రదర్శనశాలలో మళ్ళీ నిలబెట్టారు. ఇవాళ ఆ హోటలుకు ముఖం వుంది, ఒళ్ళు లేదు.

అందరూ నాలాగే ముక్కు విరిచారనుకోకండి. ఆటోస్టాండులో కుర్రాళ్ళు బొమ్మ చూసి ఈల వేశారు. మా బి.ఏ. క్లాసులో ఒక అమ్మాయి లేచి, "అద్దాల మేడ వుంటే తప్పేమిటి సార్? మంచి హోటలంటే విజయవాడే వెళ్ళాలా? 2022లో మనది వేరే జిల్లా అయింది. పనుల మీద వచ్చేవాళ్ళు ఇక్కడే దిగుతారు. మాలో నలుగురికి వుద్యోగాలూ వస్తాయి" అన్నది.

"మన మండువా లోగిళ్ళ అందం..." అని నేను మొదలుపెట్టాను.

"మీ ఇల్లు మండువా లోగిలా సార్?" అని అడిగింది వినయంగానే.

మాది మూడో అంతస్తులో అగ్గిపెట్టెలాంటి వాటా. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటిలో లేని తెలుగుదనాన్ని హోటలు గోడమీద వ్రేలాడదీయమని అడుగుతున్నానని ఆ పిల్ల మర్యాదగా చెప్పింది.

వెనకవైపు వున్నవాళ్ళు

ఆ రోజు క్లాసు అయిపోయాక ఒక కుర్రాడు నా వెంట వరండాలోకి వచ్చాడు. కొల్లేటి లంక గ్రామం వాడు. మాట తక్కువ. రోజూ బస్సు పట్టుకుని వస్తాడు.

"సార్, మీరందర్నీ హోటలు ముందువైపు గురించి అడుగుతున్నారు. మేం దాని వెనకవైపున వుంటాం" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. మీ వూరికీ ఈ వీధికీ ఎంతో దూరం గదా అన్నాను.

"నీళ్ళకు దూరం లేదు సార్. అక్కడ స్నానాల గదులెన్ని? వంటింట్లో కడిగిన నీళ్ళూ, నూనే, సబ్బూ ఎటు పోతాయి? మురుగుకాలవలోకి. ఆ కాలవ ఎటు పోతుంది?"

ఎటు పోతుందో ఏలూరు వాడికి వేరే చెప్పాలా! మా వూరి పక్కగా వచ్చే తమ్మిలేరు కొల్లేట్లో కలుస్తుంది. అటు బుడమేరు కలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా పరుచుకున్న ఆ సరస్సులోకి నీళ్ళు తెచ్చే దారులు అనేకం. తిరిగి సముద్రానికి పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. చుట్టూ వున్న పట్టణాల మురుగు అక్కడికే చేరుతుంది. 1999లో దాన్ని అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించారు. 2006లో సరస్సులో లేచిన చేపల చెరువుల గట్లు పెద్దయెత్తున కొట్టేశారు. ఇన్ని చేసినా, పట్నంలో గొలుసు లాగినవాడికి ఆ నీరు ఎవరి ముంగిట చేరుతుందో తోచదు.

"ఆటపాకలో గూడబాతులను చూశారా సార్?" అని అడిగాడు మళ్ళీ.

చూశాను. కైకలూరు దాపున, నీళ్ళ మధ్య చెట్లు చచ్చిపోతే, గూళ్ళు పెట్టుకోవడానికి అటవీశాఖవారు ఇనప మంచెలు పాతారు. పక్షులు వాటి మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి.

"ఆ మంచెలు చూడ్డానికి ఏమీ బాగుండవు సార్. తుప్పు. కాని పక్షికి కావలసిన ఎత్తుంది, చుట్టూ నీళ్ళున్నాయి. అందుకని దిగుతున్నాయి. నీళ్ళు చెడిపోయి చేపలు పోతే, బంగారపు మంచెలు పాతినా రావు" అన్నాడు.

నేను ముప్పయి సంవత్సరాలుగా చదువుతున్న అలంకారశాస్త్రంలో ఈ మాట దొరకలేదంటే నమ్మండి. వూరివాళ్ళ అభిప్రాయం అడుగుతానని బయలుదేరి, వూరంటే ఆ వీధి అనుకున్నాను. హోటలు ముందు నిలబడ్డవాడూ వూరివాడే. దాని నీళ్ళు పారే చివర నిలబడ్డవాడూ వూరివాడే. బొమ్మ మొదటివాడికే కనబడుతుంది.

పంచాయితీ

వారం తిరిగాక మేనల్లుడు వచ్చాడు. ఎవరేమన్నారో వరసగా చదివి వినిపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నన్ను అడిగింది ముందువైపు బొమ్మ ఒక్కటే మావయ్యా. అది చూసి బ్యాంకువాళ్ళు అప్పిస్తారు. మిగతావి తరవాత చూద్దామన్నారు. తరవాత అంటే ఎప్పుడూ చూడరని నాకూ తెలుసు" అన్నాడు. మొదటి పని పోతుందేమోనన్న బెంగ వాడి గొంతులో వినిపించింది. ఇతరుల చేత సలహాలు చెప్పించడం నాకు తేలిక. జీతం నాకు ఒకటో తారీఖున వస్తుంది. ఆసామి ముందు నిలబడి చెప్పవలసినవాడు వాడు.

అయినా రాత్రి కూర్చుని గీశాడు. పడమటి గోడ అద్దాలు మూడోవంతుకు తగ్గించి, ప్రతి కిటికీకీ సజ్జా దించాడు. గదికో చిన్న వసారా, అందులో బట్టలారేసే దండెం. గుమ్మం పక్కన వాలుబాట. బల్లకు ఎడంగా ఆడవాళ్ళు కూర్చునే చోటు. వెనక మురుగునీరు శుభ్రపరిచే తొట్లు, ఆ నీటినే మొక్కలకూ, మరుగుదొడ్లకూ మళ్ళీ వాడే గొట్టాలు. ముందు గోడను ఎనిమిది అడుగులు వెనక్కి జరిపి వేపచెట్టును వుంచాడు. దాని చుట్టూ అరుగు. కోట్ల మనుషులు ఆరుగురినీ తీసేశాడు. చెట్టు కింద ఒక పొయ్యి, దాని ముందు కూర్చున్న ఒక ఆడమనిషిని తన చేత్తో గీశాడు. అంత బాగా రాలేదు గాని, ఎవరో తెలుస్తోంది.

ఆసామి సజ్జాలకు ఒప్పుకున్నాడు. అద్దాలు తగ్గితే ఖర్చు తగ్గుతుందని సంతోషించాడు. వాలుబాటకూ ఒప్పుకున్నాడు. నీటి తొట్లకు ఎంతవుతుందో లెక్క వేసి చూపించమన్నాడు. వసారాలకు తల అడ్డంగా వూపాడు. అరుగు దగ్గర మాత్రం, "అరుగు కడితే జనం కూర్చుంటారయ్యా!" అన్నాడట.

మా మేనల్లుడు, "అవునండి, అందుకే" అన్నాడట. అంతకంటే ఏమీ తోచలేదట పాపం.

వేపచెట్టు సంగతి ఇంకా తేలలేదు. ఎనిమిది అడుగులంటే నడివూళ్ళో మాటలు కాదు. ఆ లెక్కకూడా నాకు తెలుసు. నేను ఇది వ్రాస్తున్న నాటికి స్థలం చుట్టూ రేకులు కట్టారు. రేకుల మీద పాత బొమ్మే వుంది, నీలపు అద్దాలూ, ఖర్జూరపు చెట్లూ, కోట్ల మనుషులూ. రేకులకు ఇవతల చెట్టు వుంది. కింద పొయ్యి మండుతోంది.

ఇక పేరు. పదకొండు పేర్లు ఆలోచించి కాగితం మీద వ్రాసి వుంచాను. అన్నీ సంస్కృత సమాసాలే. మొన్న సాయంత్రం రైలు దిగి, వాన పడుతుంటే ఆటో ఎక్కాను. ఎక్కడికండీ అన్నాడు. ఫలానా వీధిలో, కొత్తగా హోటలు కడుతున్న చోటికి ఇవతల దింపమన్నాను.

"ఓహో, వేపచెట్టు హోటలా అండీ?" అన్నాడు.

హోటలు ఇంకా లేవలేదు. బోర్డు ఇంకా వ్రాయలేదు. పేరు మాత్రం వచ్చేసింది. ఇంటికి వెళ్ళగానే నా కాగితం చించేసి, మేనల్లుడికి ఫోను చేసి ఈ సంగతి ఆసామి చెవిన వెయ్యమన్నాను. చెట్టు లేకుండా ఆ పేరు ఎలా నిలుస్తుందో ఆయన్నే ఆలోచించుకోమనండి.